పాత ప్రెస్ కెమెరాను 120 ఫిల్మ్‌కి సిద్ధం చేయడం ఎలా?

"అన్నా, ప్రెస్ కెమెరా ఒకటి దొరికింది, విప్పి క్లీన్ చేద్దామనుకుంటున్నా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న ఈ మధ్య బాగా వస్తోంది. ప్రెస్ కెమెరా అంటే ఒకప్పుడు పత్రికల ఫొటోగ్రాఫర్లు వాడిన పెద్ద కెమెరా, 120 అంటే వెడల్పాటి రోల్ ఫిల్మ్. హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు మూతపడ్డ స్టూడియోల సజ్జల మీద నుంచి కొన్ని దిగుతున్నాయి, కొన్నిటిని ఆన్‌లైన్‌లో బయటి దేశాల నుంచి తెప్పించుకుంటున్నారు. జవాబు ముందే చెప్పేస్తాను: విప్పడంతో మొదలుపెట్టకండి. ఈ కెమెరాల్లో కనిపించే తంటాలు చాలావరకు మూడు చోట్లే ఉంటాయి. తిత్తికి (లెన్స్‌కీ బాడీకీ మధ్య ముడుచుకునే మడతల గొట్టానికి) పడ్డ చిల్లులు, గ్రౌండ్ గ్లాస్‌కీ (ఫోకస్ చూసుకునే గరుకు గాజుకీ) ఫిల్మ్‌కీ దూరం కలవకపోవడం, షట్టర్‌లో గట్టిపడ్డ పాత గ్రీజు. మొదటి రెండిటికీ స్క్రూడ్రైవర్ పని పెద్దగా పడదు. ఫొటో మసకగా రాగానే లెన్స్‌ను తిట్టి, ఉన్నది అమ్మి ఇంకోటి కొనేవాళ్ళు ఉన్నారు, కొత్త లెన్స్‌తో కూడా అదే మసక వస్తుంది, ఎందుకంటే తప్పు లెన్స్‌ది కాదు.

ఇక్కడ చెప్పేది గ్రాఫ్లెక్స్ కంపెనీ గ్రాఫిక్ కెమెరాలను దృష్టిలో పెట్టుకుని. స్పీడ్ గ్రాఫిక్ 1912 నుంచి 1973 దాకా తయారైంది, దానికి లెన్స్ షట్టర్‌తో పాటు వెనకాల గుడ్డ కర్టెన్ షట్టర్ ఇంకోటి ఉంటుంది. క్రౌన్ గ్రాఫిక్‌కి ఆ కర్టెన్ ఉండదు. సెంచరీ గ్రాఫిక్ చిన్నది, 6×9 సెంటీమీటర్ల ఫ్రేమ్‌కి సరిగ్గా సరిపోతుంది, తేలిక కూడా. 4×5 అంగుళాల సైజు బాడీ దొరికినా పర్వాలేదు, దానికీ 120 రోల్ హోల్డర్లు, అంటే వెనక తగిలించే రోల్ ఫిల్మ్ పెట్టెలు, ఉన్నాయి. మీది మామియా ప్రెస్ అయితే లెన్స్ మౌంట్ తిప్పితేనే ఫోకస్ అవుతుంది, ముందు తిత్తి ఉండదు, కాబట్టి మూడో మెట్టు, ఏడో మెట్టులో స్టాప్‌ల సంగతి వదిలేసి మిగతావి చదువుకోండి.

కొనేముందు ఒక్కటి చూసుకోండి. వెనక గ్రౌండ్ గ్లాస్ ఫ్రేమ్ ఊడి చేతికి రావాలి, దాని చోట రోల్ హోల్డర్ పెట్టి బిగించేందుకు రెండు లోహపు పట్టీలు జరగాలి. దీన్ని గ్రాఫ్లాక్ బ్యాక్ అంటారు. ఇది లేని పాత స్ప్రింగ్ బ్యాక్ అయితే మామూలు రోల్ హోల్డర్ కూర్చోదు, ఆ కెమెరా సగం ధరకి వచ్చినా నేనైతే వదిలేస్తాను.

కావాల్సినవి

- వాచీ రిపేరు స్క్రూడ్రైవర్ల సెట్టు. మైనస్ మొనలు ముఖ్యం, మొన గాడిలో పూర్తిగా కూర్చోవాలి.
- ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది.
- సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా.
- రబ్బరు బ్లోయర్, మెత్తటి బ్రష్, మైక్రోఫైబర్ గుడ్డ, కాటన్ బడ్స్.
- నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్, తెల్ల ఫెవికాల్, సన్న కుంచె.
- వెనక నుంచి లోతు కొలిచే పుల్ల బయటికొచ్చే వెర్నియర్ కాలిపర్. కొనక్కర్లేదు, ఐటీఐ చదివే పిల్లలు ఎవరైనా తెలిస్తే అడిగి తెచ్చుకోండి.
- ట్రైపాడ్, చిన్న భూతద్దం, తల మీద కప్పుకునే నల్ల గుడ్డ.
- స్లో మోషన్ వీడియో తీసే ఫోన్.
- 120 రోళ్ళు రెండు. ఒకటి డేటు దాటి పాడైపోయినది, అది బలి ఇవ్వడానికి.

మెట్టు 1: తెరవడం, మూయడం నేర్చుకోండి

నవ్వకండి, ఎక్కువ కెమెరాలు పాడయ్యేది మూసేటప్పుడే. పైన తోలు కింద ఉన్న బటన్ నొక్కితే బెడ్, అంటే ముందు మూత పలక, కిందికి దిగుతుంది, పక్క కడ్డీలు టక్కున పడేదాకా దించండి. లెన్స్ ఉన్న ముందు భాగాన్ని లాక్ వదులు చేసి పట్టాల మీద బయటికి లాగండి. మూసేటప్పుడు ముందు ఫోకస్ నాబ్ తిప్పి పట్టాలను పూర్తిగా లోపలికి తీసుకురావాలి, తర్వాత ఇన్ఫినిటీ స్టాప్‌లను (దూరపు వస్తువుకి ఫోకస్ కుదిరే చోట లెన్స్‌ను ఆపే చిన్న అడ్డాలను) పడుకోబెట్టి లెన్స్‌ను లోపలికి తోయాలి, ఆఖర్న కడ్డీలు నొక్కి బెడ్ లేపాలి. ఎక్కడైనా అడ్డం తగిలితే బలం పెట్టొద్దు, ఏదో ఒకటి మరిచిపోయారని అర్థం.

ఏది ఊడదీసినా ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. ముఖ్యంగా గ్రౌండ్ గ్లాస్ ఫ్రేమ్‌లో ఏ పొర మీద ఏ పొర ఉందో.

మెట్టు 2: పైపై దుమ్ము

పొడి బ్రష్, తర్వాత కొంచెం తడిగుడ్డ, అంతే. తోలు మెరవాలని కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు, అది దుమ్ము పట్టి జిడ్డు కట్టి వానాకాలం బూజుకి విందు పెడుతుంది. ఫ్లాష్ కోసం బిగించిన పాత సొలెనాయిడ్లు, వైర్లు ఉంటే తీసి పక్కన పెట్టండి, బరువు తగ్గుతుంది.

మెట్టు 3: తిత్తికి చిల్లులు

రాత్రి పూట, లైట్లన్నీ ఆర్పేసిన గదిలో చేయండి. కరెంటు పోయినప్పుడు ఇంకా మంచిది. తిత్తిని పూర్తిగా సాగదీసి, వెనక నుంచి చిన్న టార్చి లోపల పెట్టి, వెనక వైపు నల్ల గుడ్డతో మూసేయండి. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి, తొందరపడి చూస్తే సన్న చిల్లులు కనపడవు. టార్చిని లోపల అటూ ఇటూ తిప్పుతూ మడతల మూలలను చూడండి, చిల్లులు దాదాపు ఎప్పుడూ మూలల్లోనే. కనిపించిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

పెయింట్ నాలుగు వంతులకి ఫెవికాల్ ఒక వంతు కలిపి, సన్న కుంచెతో ఆ మూల మీద పల్చగా రాయండి. ఎండాక మళ్ళీ ఒక పూత, చాలకపోతే ఇంకోటి. ఒకేసారి మందంగా రాస్తే ఎండి పగులుతుంది. రాత్రంతా సాగదీసే ఉంచి, పొద్దున కొంచెం టాల్కమ్ పౌడర్ అద్ది అప్పుడు మడవండి, లేకపోతే మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. చిల్లు కాదు చీలికే ఉందంటే పల్చటి నల్ల గొడుగు గుడ్డ ముక్కను అదే మిశ్రమంతో లోపలి నుంచి అతికించండి.

కరెంటు పనికి వాడే నల్ల టేపు మాత్రం వద్దు. మన ఎండలకి దాని జిగురు కరిగి కారుతుంది, పైగా మందం పెరిగి తిత్తి పూర్తిగా మూసుకోదు. మూలలన్నీ జల్లెడలా ఉంటే అతుకులు మానేసి కొత్త తిత్తి తెప్పించుకోవడమే దారి.

సరైందో లేదో చూడడం: మళ్ళీ చీకట్లో అదే పరీక్ష. ఈసారి తిత్తిని సగం సాగదీసి కూడా చూడండి.

మెట్టు 4: లెన్స్

ముందు భాగం, వెనక భాగం రెండూ చేత్తో తిప్పితే షట్టర్ నుంచి ఊడొస్తాయి. బిగుసుకుంటే రబ్బరు గ్లౌజు వేసుకుని పట్టండి, పటకారు దగ్గరికి కూడా రానివ్వకండి. మధ్యలో సన్నటి ఇత్తడి రింగు లాంటిది పడితే అది ఏ వైపుదో గుర్తు పెట్టుకుని అక్కడే మళ్ళీ పెట్టాలి. అంతకు మించి గాజుల్ని విడదీయొద్దు.

ఫోన్ లైటు అడ్డంగా పట్టి చూడండి. దుమ్ము, సన్న గీతలు ఉంటే వదిలేయండి, ఫొటోలో కనపడవు, మహా అయితే కాంట్రాస్ట్ కొంచెం తగ్గుతుంది. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్. అది ఎక్కువగా షట్టర్ వైపు ఉన్న లోపలి గాజు మీదే పడుతుంది, అదృష్టం కొద్దీ అక్కడికి చేయి అందుతుంది. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాటన్ బడ్ ముంచి పిండి, మెల్లగా తిప్పుతూ తుడవండి, తర్వాత ఐపీఏతో ఒకసారి. మచ్చ పోకపోతే ఫంగస్ కోటింగ్‌ను తినేసిందని అర్థం, ఇంకా రుద్దితే మిగిలిన కోటింగ్ కూడా పోతుంది.

కోడక్ ఎక్టార్ లెన్స్ దొరికితే నంబర్‌కి ముందున్న రెండు ఇంగ్లిష్ అక్షరాలు చూడండి, అవి తయారైన ఏడాది చెప్తాయి. ఈ, ఎస్ ఉంటే 1947. ఆర్, వై ఉంటే 1950. పనికొచ్చే విషయం కాదు కానీ తెలిస్తే సరదాగా ఉంటుంది.

మెట్టు 5: షట్టర్

ముందు ఏమీ చేయకుండా అన్ని స్పీడ్లలోనూ పదే పదే కాక్ చేసి (లివర్‌తో స్ప్రింగ్ బిగించి) కొట్టండి. ఏళ్ళ తరబడి కదలని షట్టర్ చాలాసార్లు ఈ కసరత్తుతోనే దారికొస్తుంది. రెండు జాగ్రత్తలు. కాంపర్ రకం షట్టర్లలో అన్నిటికంటే ఎక్కువ స్పీడు పెట్టాలంటే కాక్ చేయకముందే పెట్టాలి, తర్వాత బలవంతంగా తిప్పితే స్ప్రింగ్ విరుగుతుంది. ఇక 'వి' అనే సెల్ఫ్ టైమర్ ఉంటే దాన్ని ముట్టుకోకండి, పాత షట్టర్లు అందులోనే ఇరుక్కుంటాయి.

ఒక సెకను, అర సెకను స్పీడ్లలో జుయ్ జుయ్ అంటూ మధ్యలో ఆగిపోతుంటే స్లో స్పీడ్ గేర్లలో గ్రీజు గట్టిపడింది. ముందు ప్లేటు తీసి, ఆ గేర్ల మీద నాఫ్తా ఒకటి రెండు చుక్కలు సూదితో వేసి, మళ్ళీ కసరత్తు చేయించండి. గ్యాస్ పొయ్యి, అగర్‌బత్తి దగ్గర్లో లేకుండా, కిటికీలు తీసి చేయండి. షట్టర్ మొత్తాన్ని నాఫ్తాలో ముంచితే కరిగిన జిడ్డంతా రేకుల మీదికి చేరి ఇంకా ఎక్కువ అతుక్కుంటుంది. ముందు ప్లేటు తీసే ధైర్యం లేకపోతే వాచీ రిపేరు చేసే పెద్దమనిషి ఎవరి దగ్గరికైనా తీసుకెళ్ళండి, ఆయనకిది చేతిలో పని, కానీ నూనె వేయొద్దని ముందే చెప్పండి.

ఇది మళ్ళీ చెప్తున్నా, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే చెడిపోయిన షట్టర్లలో సగానికి ఇదే కారణం. కుట్టు మిషన్ నూనె వద్దు, డబ్ల్యూడీ-40 వద్దు, కిరోసిన్ వద్దు. షట్టర్ రేకులు పొడిగానే తిరగాలి.

స్పీడ్లు చూడడానికి ఫోన్‌ను సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, లెన్స్ వెనక లైటు పెట్టి, ముందు నుంచి వీడియో తీయండి. షట్టర్ తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టాలి. 1/30కి 8 ఫ్రేములు రావాలి, 1/8కి 30 రావాలి. 12 వస్తే మీ 1/30 నిజానికి 1/20 అన్నమాట. 1/100 పైన ఫోన్ లెక్క నమ్మకం కాదు. కొంచెం తేడా ఉంటే బాగుచేయాలని చూడకండి, అసలు స్పీడ్లు ఒక స్టిక్కర్ మీద రాసి లెన్స్ బోర్డు వెనక అతికించుకోండి. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ ఆ మాత్రం తేడాను ఓర్చుకుంటుంది. ఇంకోటి, మే నెలలో బాగా తిరిగిన షట్టర్ డిసెంబర్ పొద్దున మొరాయించొచ్చు, చలికి గ్రీజు బిగుస్తుంది. కాబట్టి చల్లటి పూట ఒకసారి పరీక్షించండి.

స్పీడ్ గ్రాఫిక్ వాళ్ళకి: వెనక కర్టెన్ పగుళ్ళు పట్టి ఉంటే దాని జోలికి పోవద్దు. తెరిచిన స్థితిలో వదిలేసి ముందు షట్టర్‌తోనే తీయండి. కర్టెన్ మూసుందో తెరిచుందో చూడకుండా తీసి రోలంతా ఖాళీగా వచ్చిందని ఫోన్ చేసేవాళ్ళు తక్కువేం కాదు.

మెట్టు 6: గ్రౌండ్ గ్లాస్, ఫిల్మ్ ఒకే చోట ఉన్నాయా?

జర ఓపికగా చేయాల్సింది ఇదే. మీరు ఫోకస్ చూసేది గ్రౌండ్ గ్లాస్ మీద. తర్వాత దాన్ని తీసి ఆ చోట రోల్ హోల్డర్ పెడతారు. గ్లాస్ గరుకు వైపు ఎక్కడుందో ఫిల్మ్ కూడా సరిగ్గా అక్కడే ఉండాలి. ఎఫ్ 4.5 దగ్గర, అంటే లెన్స్ బాగా తెరిచి ఉన్నప్పుడు, పావు మిల్లీమీటర్ తేడా వచ్చినా మసక మొదలవుతుంది. ఎఫ్ 16 దగ్గర, అంటే లెన్స్ సన్నగా మూసినప్పుడు, ముప్పావు మిల్లీమీటర్ తేడా ఉన్నా బయటపడదు. అందుకే ఎండలో తీసినవి బాగా వచ్చి, సాయంత్రం లెన్స్ పూర్తిగా తెరిచి తీసినవి మసకబారితే నేను ముందు అనుమానించేది దీన్నే.

ముందు చూడాల్సింది, గరుకు వైపు లెన్స్ వైపుకే ఉందా? గోరుతో రాస్తే తెలిసిపోతుంది. తుడిచి తిరగేసి పెట్టినవాళ్ళు చాలామంది, గ్లాస్ మందమంత తప్పు వస్తుంది. రెండోది, కొన్ని బ్యాక్‌లలో గ్లాస్‌కి ముందు, అంటే లెన్స్ వైపు, సన్న గీతల ప్లాస్టిక్ ఫ్రెనెల్ పలక కంపెనీవాళ్ళే పెట్టారు. అది ఉన్నట్టు లెక్కేసి ఫ్రేమ్ చేశారు కాబట్టి గీతలు అడ్డమని తీసేస్తే ఫోకస్ మారిపోతుంది. ఉంటే ఉండనివ్వండి, లేని బ్యాక్‌లో కొత్తగా లెన్స్ వైపు పెట్టకండి.

ఫ్రెనెల్ లేని బ్యాక్‌లో కొలత తేలిక. గ్లాస్ ఫ్రేమ్ కెమెరాకి ఆనే అంచు నుంచి గరుకు తలం దాకా లోతు కాలిపర్ పుల్లతో కొలవండి. నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. తర్వాత రోల్ హోల్డర్‌లో పాత ఫిల్మ్ ఎక్కించి, డార్క్ స్లైడ్ (ఫిల్మ్ ముందు వెలుతురు పడకుండా అడ్డం ఉండే పలక) లాగేసి, హోల్డర్ ఆనే అంచు నుంచి ఫిల్మ్ దాకా కొలవండి. పుల్లతో ఫిల్మ్‌ను నొక్కొద్దు, తగిలీ తగలనట్టు. రెండిటికీ తేడా 0.1 మిల్లీమీటర్ లోపుంటే ఇక దాని గురించి మరిచిపోండి.

కాలిపర్ లేకపోయినా, ఫ్రెనెల్ ఉన్నా ఇలా చేయండి. టైలర్ టేపును బల్ల మీద పొడవుగా పరిచి, కెమెరాను ట్రైపాడ్ మీద ఏటవాలుగా పెట్టి, లెన్స్ పూర్తిగా తెరిచి, 50 అంకె మీద భూతద్దంతో ఫోకస్ చేసి ఫొటో తీయండి. నెగటివ్‌లో 50 స్పష్టంగా ఉంటే సరే. కెమెరాకి దగ్గరున్న అంకెలు స్పష్టంగా వస్తే ఫిల్మ్ గ్లాస్ కంటే వెనక ఉంది, కాబట్టి గ్లాస్‌ను వెనక్కి జరపాలి. జిరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటర్, దాని సన్న పీలికలు ఫ్రేమ్‌కీ గ్లాస్‌కీ మధ్య నాలుగు మూలలా సమంగా పెట్టండి. దూరపు అంకెలు స్పష్టంగా వస్తే గ్లాస్ ముందుకు రావాలి, అంటే ఎవరో ముందే పెట్టిన పీలికలు ఉన్నాయేమో వెతికి తీయాలి.

గ్లాస్ పగిలి ఉంటే అద్దాల షాపులో 2 మిల్లీమీటర్ల గాజు కోయించి మీరే చేసుకోవచ్చు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ చేసేవాళ్ళ దగ్గర సిలికాన్ కార్బైడ్ పొడి దొరుకుతుంది, 600 నంబర్ అడగండి. కోసిన అంచులు అరగదీసి, గాజు మీద పొడి, కొన్ని నీళ్ళు వేసి, ఇంకో గాజు ముక్కతో గుండ్రంగా రుద్దండి. అంతా ఒకేలా తెల్లబడేదాకా ఆపొద్దు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పొడిని తడిగానే ఉంచండి.

మెట్టు 7: ఇన్ఫినిటీ స్టాప్‌లు, రేంజ్‌ఫైండర్

మేడ మీదికి ఎక్కి, కిలోమీటర్ పైన దూరంలో ఉన్న సెల్ టవర్‌నో, వరంగల్ గోవిందరాజుల గుట్ట మీద ఏదైనా గట్టి అంచునో గ్లాస్ మీద పట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం చేస్తే వేడి గాలికి టవర్ వణుకుతూ కనిపిస్తుంది, పొద్దున్నే చేయండి. పట్టాలు పూర్తిగా లోపల ఉండగా లెన్స్‌ను జరిపి స్పష్టంగా వచ్చిన చోట లాక్ చేసి, స్టాప్‌లు రెండిటినీ ఆ చోటికి తెచ్చి స్క్రూలు బిగించండి. రెండు వైపులా సమంగా లేకపోతే లెన్స్ బోర్డు వంకరై ఫొటో ఒక పక్క మసకగా వస్తుంది.

పక్కన కలార్ట్ కంపెనీ రేంజ్‌ఫైండర్ (దూరం చూసి ఫోకస్ కుదిర్చే పరికరం) ఉంటే దాని లోపలి అద్దాన్ని గుడ్డతో తుడవకండి, ఆ పూత ఒక్క తుడుపుకే లేచిపోతుంది, బ్లోయర్ ఊదడం వరకే. ముందు దూరానికి సరిచేయాలి, తర్వాత రెండు మీటర్లకి, మళ్ళీ దూరానికి. ఒకటి సరిచేస్తే ఇంకోటి కదులుతుంది, కాబట్టి రెండు మూడుసార్లు తిరగాలి. కుదరకపోతే దిగులు పడకండి, ట్రైపాడ్ మీద గ్లాస్‌తో తీసేవాళ్ళకి రేంజ్‌ఫైండర్ లేకపోయినా ఏ లోటూ లేదు.

మెట్టు 8: రోల్ హోల్డర్

పాత ఫిల్మ్ ఎక్కించి, డార్క్ స్లైడ్ తీసి, ప్రతి ఫ్రేమ్ దగ్గరా కిటికీ అంచు వెంబడి మార్కర్‌తో గీత గీస్తూ చివరిదాకా తిప్పండి. బయటికి తీసి పరిస్తే 6×9 హోల్డర్‌లో 8 డబ్బాలు కనిపించాలి, 6×7లో 10. డబ్బాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఫిల్మ్ వదులుగా చుట్టుకుంటోంది, మొదట ఎక్కించేటప్పుడే వేలితో కొంచెం బిగువు పట్టి చుట్టండి. లివర్ ఉన్న హోల్డర్లు, అంచుల్లో రోలర్లు ఉన్నవి ఫిల్మ్‌ను చదునుగా పడతాయి, పాత నాబ్ రకం కంటే పది రూపాయలు ఎక్కువైనా అవే తీసుకోండి.

మెట్టు 9: పరీక్ష రోలు

400 స్పీడు ఫిల్మ్ పెట్టండి. మొదటి ఫ్రేమ్‌కి డార్క్ స్లైడ్ తీసి, షట్టర్ మూసి, ఎండలో రెండు నిమిషాలు అన్ని వైపులా తిప్పండి, తర్వాత డార్క్ స్లైడ్ పెట్టి ముందుకు తిప్పండి. తిత్తి చిల్లులు మిగిలుంటే ఇందులో పట్టుబడతాయి. రెండోది దూరపు టవర్, లెన్స్ పూర్తిగా తెరిచి. మూడోది టైలర్ టేపు. ఈ రెండూ వెలుతురు తగ్గాక తీయండి, ఎండలో ఎఫ్ 4.5 అంటే ఈ షట్టర్ల పై స్పీడు చాలదు. మిగిలినవి మీ ఇష్టం. ఖిలా వరంగల్ తోరణాలు దీనికి బాగుంటాయి, రాతి చెక్కడం అంచు నుంచి అంచు దాకా ఉంటుంది కాబట్టి ఏ మూల మసకైనా దొరికిపోతుంది. పురావస్తు శాఖ స్థలం కనుక ట్రైపాడ్‌కి అనుమతి అడుగుతారు, ముందే కనుక్కుని వెళ్ళండి.

ఫిల్మ్ కడగడం (డెవలప్ చేయడం) వేరే కథ, ఒక్క ముక్క చెప్తాను. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌కి ఐడీ-11 డెవలపర్ స్టాక్‌లో (ఇంకా నీళ్ళు కలపని ద్రావణంలో) 20 డిగ్రీల దగ్గర 7½ నిమిషాలని ఇల్‌ఫోర్డ్ ఇచ్చిన లెక్క. ఎండాకాలం మన మేడ మీద ట్యాంకు నీళ్ళతో ఆ లెక్క నడవదు. అన్ని ద్రావణాలనూ, కడిగే నీళ్ళనూ ఐసు బకెట్‌లో పెట్టి ఒకే వేడికి తెచ్చుకోండి.

నెగటివ్ చూసి తప్పు పట్టడం

- ఫ్రేమ్ లోపల, అంచు దాటకుండా పొగలాంటి నల్ల మచ్చ: తిత్తి లేదా లెన్స్ బోర్డు.
- ఫ్రేమ్ దాటి ఫిల్మ్ అంచుదాకా నల్లటి చార: రోల్ హోల్డర్ మూత లేదా డార్క్ స్లైడ్ సందు. ఎండలో స్లైడ్ లాగకండి, మీ నీడలో లాగండి.
- అంతా సమంగా మసక: ఆరో మెట్టు. ఒకే పక్క మసక: ఏడో మెట్టు.
- మధ్యలో స్పష్టం, అంచుల్లో అలలా మసక: ఫిల్మ్ చదునుగా లేదు. ఫిల్మ్‌ను చాలా ముందే తిప్పి ఉంచకండి, ఫొటో తీసే ముందే తిప్పండి.
- అన్నీ మరీ నల్లగా: షట్టర్ నెమ్మదిగా ఉంది, స్టిక్కర్ చూసుకోండి.

దాచేటప్పుడు షట్టర్ కాక్ చేసి వదలకండి. తోలు పెట్టెలో, ఇనుప బీరువాలో పెడితే వానాకాలం చివరికి ఫంగస్ ఖాయం. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, జెల్ రంగు మారితే పెనం మీద వేడి చేసి మళ్ళీ వాడుకోండి, ఆ పెనం మళ్ళీ వంటకి వాడొద్దు. బియ్యంలో పెట్టొద్దు, పిండి దుమ్ము షట్టర్‌లోకి పోతుంది. నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు.